పులసకు ఇరవై రోజులు వదిలేద్దాం

గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే యానాం నుంచి ధవళేశ్వరం దాకా ఒకటే మాట. పులస పడిందా? ఎంతకు పోయింది? ఒక్క చేప పదిహేను వేలు పలికిందనో, ఇరవై వేలు దాటిందనో జులై, ఆగస్టు నెలల్లో వార్త రాని ఏడాది ఈమధ్య లేదు. వేలంలో పాడుకున్నాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఫొటో దిగుతాడు, సాయంత్రానికల్లా ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి హైదరాబాద్ చేరుతుంది, కొన్నిసార్లు దాని వెనకే ఐస్ పెట్టెలో చేప కూడా చేరుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత ఉండనే ఉంది. రుచి విషయంలో మాకు ఎవరితోనూ పేచీ లేదు. మట్టి దాకలో చింతపండు పులుసు పోసి, నాలుగు బెండకాయలు వేసి, సన్న సెగ మీద మరగనిచ్చి, ఆత్రం ఆపుకుని మర్నాడు తిన్నవాళ్లకు ఆ సామెత మరీ అతిగా ఏమీ అనిపించదు. ముళ్లు ఎక్కువ, తినడానికి ఓపిక కావాలి, అది వేరే సంగతి.

మా పేచీ అల్లా మనం దాన్ని పట్టే వేళతో.

పులస బతుకులో ఎక్కువ భాగం సముద్రంలోనే గడుస్తుంది. బెంగాలీలు ఇలిష్ అని ప్రాణం పెట్టేదీ ఈ జాతినే. వరదనీరు సముద్రంలో కలవడం మొదలవగానే అది మొగల్లోంచి, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల నుంచి, నదిలోకి జొరబడి ప్రవాహానికి ఎదురీదుతూ పైకి వస్తుంది, గుడ్లు పెట్టడానికి. సముద్రంలో తెల్లగా మెరిసే చేప ఎర్రనీటిలో కొన్నాళ్లు ఈదేసరికి ఒళ్లు పసుపు రంగు తిరుగుతుందని, రుచి కూడా అప్పుడే వస్తుందని గోదావరి వాళ్లు చెప్తారు. సముద్రంలో పట్టినదాన్ని విలస, ఇలస అంటారు, దానికి ఈ రేటు రానే రాదు. అంటే మనం అన్ని వేలు పోసి కొంటున్నది ఆ ఎదురీతని. గుడ్లు పెట్టడానికి బయల్దేరిన చేపని దారి మధ్యలో ఆపినందుకే అంత ధర.

రేవు దగ్గర బేరం జరిగేటప్పుడు ఓసారి గమనించండి. అమ్మే ఆవిడ ముందు మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపిస్తుంది. తర్వాత చేపను వెల్లకిలా తిప్పి బొటనవేలితో పొట్ట కింద మెల్లగా నొక్కుతుంది. గుడ్డు ఉందని తేలితే బేరం అక్కడి నుంచి పైకే గాని కిందికి రాదు. కొనేవాడు కూడా అదే అడుగుతాడు, గుడ్డుందా అని. ఒక్కో ఆడచేప కడుపులో లక్షల గుడ్లుంటాయి. వాటిలో పొదిగి, పెరిగి, తిరిగి సముద్రం చేరేవి చాలా కొద్ది. ఆ కొద్దిపాటి పిల్లలైనా రావాలంటే తల్లి ముందు గుడ్లు పెట్టాలి కదా.

పెట్టడానికి దానికి చోటు కూడా పెద్దగా మిగల్లేదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ వచ్చి కూడా నలభై ఏళ్లు దాటింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం అది, దాన్ని ఎవరం తప్పుపట్టం. కానీ పులసకు మాత్రం అది గోడ. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో మొగ నుంచి ధవళేశ్వరం వరకు ఉన్న ఆ కాస్త దూరమే దానికి దిక్కు, వలలన్నీ ఉన్నదీ ఆ కాస్త దూరంలోనే.

మరి చేపల కోసం వేట నిషేధం ఉంది కదా అంటారేమో. ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలో వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమనే ఆ నిషేధం పెట్టారు, చాలా జాతులకు అది మేలు చేస్తుంది కూడా. పులస నదిలోకి వచ్చేదేమో జులై నుంచి సెప్టెంబరు దాకా. అంటే అది సముద్రంలో తన మానాన తను తిరుగుతున్న రెండు నెలలూ కాపాడి, కడుపుతో గడప దాకా వచ్చిన రోజున వల పరుస్తున్నాం. పైగా జూన్ 15న నిషేధం ఎత్తేయగానే బోట్లన్నీ ఒక్కసారిగా దిగి మొగల దగ్గర్లోనే వలలేస్తే పాయల్లోకి వచ్చేవే తగ్గిపోతాయి.

అక్కడితో అయిపోయిందా? లేదు. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి చీరమేను సీజన్. గోటి మీద రెండు మూడు పట్టేంత చేపపిల్లలు. పాత చీరలు వలలా పట్టి దేవుతారు, గ్లాసులతో, సేర్లతో కొలిచి అమ్ముతారు. గారెలేసుకుంటారు, మసాలా పెట్టి కూర వండుతారు, బాగుంటుంది, కాదనం. అందులో ఏయే చేపల పిల్లలున్నాయో అమ్మేవాళ్లకూ తెలియదు, వండేవాళ్లకూ తెలియదు. పెరగనిస్తే ఒక్కోటీ ఒక పూట కూర అయ్యే చేపలు, గ్లాసులో పడి ఒక్క ముద్దలో అయిపోతున్నాయి. జులైలో తల్లిని తిని, నవంబరులో పిల్లల్ని తిని, మళ్లీ ఏడు వరద రాగానే ‘ఈసారి పులస అస్సలు పడట్లేదండీ’ అని మనమే దిగులు పడతాం. గుడ్డుపీత మీద మనకున్న మోజు కూడా ఇలాంటిదే.

ఇందులో వేటగాడిని దోషిని చేయడం చాలా తేలిక, అందుకే చాలామంది ఆ పని చేస్తారు. నాటుపడవలో రాత్రంతా వరదనీటిలో తిరిగి, ఆయిల్ డబ్బులు కూడా రాక, ఉత్త వలతో ఒడ్డుకొచ్చే రోజులే ఎక్కువ. ఒక్క పులస పడితే అప్పు మీద వడ్డీ తీరుతుంది, పిల్లల ఫీజు కట్టొచ్చు. ‘చేపను మేం తినేయలేదు, మొగలు ఇసుకమేట వేసి పూడుకుపోయాయి, ఫ్యాక్టరీల నీళ్లు, చెరువుల నీళ్లు అన్నీ ఇందులోకే వదులుతున్నారు, వాటి గురించి ఎవరూ రాయరేం’ అని వాళ్లు అడిగితే జవాబు చెప్పాల్సింది ప్రభుత్వాలే. వాళ్ల మాట నిజం. వలేయొద్దని ఊరికే నీతులు చెప్పే హక్కు ఏసీ గదిలో కూర్చున్న ఎవరికీ లేదు, మాకూ లేదు. అందుకే డబ్బు సంగతి ముందు మాట్లాడుకోవాలి. సముద్రంలో నిషేధ కాలానికి ఇచ్చే సాయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. అది కడలి వేటకు వెళ్లే పడవల వాళ్ల కోసం పెట్టిన పథకం. నది పాయల్లో పులస కోసం కాపుకాసేవాళ్లకు కూడా అలాంటిదొకటి లేకుండా వాళ్లను ఆగమంటే ఎందుకు ఆగుతారు?

ఇది ఎక్కడా జరగని పని కాదు. బంగ్లాదేశ్‌లో ఏటా అక్టోబరులో, పున్నమికి అటూ ఇటూగా 22 రోజులు ఇలిష్ వేట, రవాణా, అమ్మకం అన్నీ బంద్. చేప చేతికి దొరికితే జరిమానా, జైలు. నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్లలోపు పిల్ల ఇలిష్‌ను పట్టకూడదు. ఆ రోజులకు జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. ఈ శతాబ్దం మొదట్లో దాదాపు 2 లక్షల టన్నులకు పడిపోయిన అక్కడి దిగుబడి తర్వాత పదిహేనేళ్లలో 5 లక్షల టన్నులు దాటింది. అంతా బ్రహ్మాండంగా ఉందని మేం అనడం లేదు. బియ్యం ఆలస్యంగా వస్తాయి, అందరికీ అందవు, షావుకారు దగ్గర అప్పు మాత్రం ఆగదు, కాబట్టి రాత్రిపూట దొంగవేట సాగుతూనే ఉంటుంది. ఈమధ్య దిగుబడి మళ్లీ కొంత తగ్గింది కూడా. అయినా పూట గడవడం కష్టమైన జాలరులు కోట్లమందికి ఇష్టమైన చేపను 22 రోజులు వదిలేయగలిగినప్పుడు, ఏడాదికోసారి గొప్పకోసం కొనే మనకు ఇరవై రోజులు ఆగడం అంత కష్టమా?

ప్రపంచం మొత్తం మీద చూస్తే ఈ జాతి అంతరించిపోయే జాబితాలో లేదు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, లేదు. కానీ బంగ్లాదేశ్‌లో పద్మా, మేఘనల్లో చేపలు నిండుగా ఉంటే గోదావరికి ఏం ఒరుగుతుంది? ఇక్కడికి రావాల్సింది ఇక్కడే పుట్టాలి. అక్కడి చేప ఇక్కడికి రావడం లేదా అంటే, వస్తోంది, లారీల్లో, ఐసులో. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చిన ఇలసను గోదావరి పులసని చెప్పి అంటగట్టడం ప్రతి సీజన్‌లో జరిగేదే. హైదరాబాద్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, మూడో రోజున డెలివరీ తీసుకున్న చేప ఏ నీళ్లు తాగిందో ఎవరు చెప్పగలరు. అమెరికాలో మనవాళ్లు బంగ్లాదేశీ కొట్లలో గడ్డకట్టిన ఇలిష్ కొనుక్కుని పులస పులుసు పెట్టుకుంటున్నారు, వాళ్లు కనీసం అది ఎక్కడి చేపో తెలిసే కొంటున్నారు.

మేం అడిగేది పెద్దదేం కాదు. పులస గుడ్లు పెట్టే అసలు రోజులేవో కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ లాంటివాళ్లు లెక్కగట్టి చెప్పాలి. గంగ మీది ఫరక్కా బ్యారేజీ దగ్గర ఇదే చేప మీద ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు వాళ్లే. ఆ ఇరవై రోజులు పాయల్లో పులస వల వద్దు, మార్కెట్లో పులస అమ్మకం వద్దు. అమ్మకం సంగతి ముఖ్యం, ఎందుకంటే నదిలో పడవని ఆపడం కంటే రేవులో వేలాన్ని ఆపడం తేలిక. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి రెండు ప్రభుత్వాలూ ఒకే తేదీలు ప్రకటించాలి, లేకపోతే ఎదుర్లంకలో ఆగిన చేప వంతెన దాటి యానాంలో అమ్ముడుపోతుంది, అంతే తేడా. చీరమేను వేటకు అడ్డుకట్ట వేయడానికైతే కొత్త పరిశోధన కూడా అక్కర్లేదు, వల కన్ను ఎంత ఉండాలో నిర్ణయించి గట్టిగా అమలు చేస్తే చాలు.

తినేవాళ్ల సంగతికొద్దాం. అసలు చేపే తినకండి అనేవాళ్లతో మాకు గొడవ లేదు, ఈ మాట తినేవాళ్లతో. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు మన దగ్గర ఎప్పుడూ చిన్నచూపే, చుట్టాలొస్తే పెట్టే చేపలు కావవి. తొందరగా పెరుగుతాయి, తొందరగా పిల్లలు పెడతాయి, పులసలో ఉందని చెప్పే మంచి కొవ్వు వీటిలోనూ ఉంది, ధర చూస్తే నవ్వొస్తుంది. చెరువు చేప రుచి ఉండదని ముఖం చిట్లిస్తాం గానీ శీలావతి, బొచ్చె ప్రధానంగా తవుడు, తెలగపిండి తిని పెరుగుతాయి. అదే చెరువులో పెంచిన వనామీ రొయ్య మేతలో సముద్రం నుంచి పట్టి పొడి చేసిన చిన్న చేపలు ఉంటాయి. కాబట్టి చెరువుదంతా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కొల్లేటిని చెరువులుగా మార్చేస్తే ఏమైందో, 2006లో ఆ గట్లను ఎందుకు పేల్చాల్సి వచ్చిందో మనమంతా చూశాం. సముద్రపు రొయ్య మాటేంటి అంటారా? ఏటా జనవరి నుంచి మార్చి దాకా కాకినాడ, అంతర్వేది ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల కళేబరాలను చూసినవాళ్లను అడగండి. రొయ్యల వలలో తాబేలు తప్పించుకునే పరికరం పెట్టడం లేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. మనం మాత్రం కొంటూనే ఉన్నాం, అడగకుండా.

ఇన్ని ఆలోచిస్తే కూర గొంతు దిగుతుందా అనిపించొచ్చు. అన్నీ ఆలోచించక్కర్లేదు. రేవు దగ్గర గుడ్డుందా అని అడగడం మానేస్తే, ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే అదనపు రేటు పోతుంది. సీజన్ చివర్లో, గుడ్లు పెట్టేసి తిరుగుముఖం పట్టిన చేపను సగం ధరకు కొనుక్కోండి, రుచి కాస్త తగ్గుతుంది, ఒప్పుకుంటాం. ఆఫీసర్లకు, నాయకులకు పులస పార్శిళ్లు పంపే అలవాటున్న పెద్దమనుషులు ఒక్క ఏడాది ఆ పని మానుకుంటే ధర ఎంత దిగుతుందో చూడాలని మాకు చాలా సరదాగా ఉంది.

ప్రభుత్వం మొదలుపెట్టాల్సిన పని మాత్రం చిన్నది. గౌతమి, వశిష్ఠ, వైనతేయల్లో పులస వలలున్న పడవలు ఎన్ని, ఒక్కో కుటుంబానికి ఇరవై రోజులకు ఎంతివ్వాలి, మొత్తం ఖర్చు ఎంత, ఈ లెక్క మత్స్యశాఖ తేల్చాలి. అది కూడా మే నెలలోపే తేలాలి, జూన్ 15న బోట్లు సముద్రంలోకి దిగాక తేలిస్తే ఈ ఏడాదికి లాభం లేదు.