వర్ధంతికి ఆపరేషన్ చేస్తే జయంతి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బస్టాండు దగ్గర డీటీపీ షాపు నడిపే కుర్రాడికి పద్మశ్రీ ఇప్పించాలని నేను ఈమధ్యే నిశ్చయించుకున్నాను. కళల విభాగంలోనా, వైద్య విభాగంలోనా అన్నదొక్కటే తేలలేదు. జరిగింది చెప్తాను, మీరే తేల్చండి.

జనవరి 22న గిడుగు రామమూర్తి పంతులుగారి వర్ధంతికి మా తెలుగు సంఘం ఎనిమిదడుగుల ఫ్లెక్సీ వేయించింది. పైన ఒడియాలో ఒక లైను, కింద తెలుగులో పెద్ద అక్షరాలు, పక్కన పంతులుగారి ఫోటో, వెనక పసుపు నుంచి నారింజలోకి జారే రంగు. అంతా బాగానే ఉంది. ఆగస్టు 29 ఆయన జయంతి, తెలుగు భాషా దినోత్సవం కూడాను. అదే బ్యానర్లో 'వర్ధంతి' తీసి 'జయంతి' పెట్టి, తేదీ మార్చి ఇమ్మని వెళ్లాను. టీ తాగేలోపు అయిపోయే పని అనుకున్నాను. అలా అనుకునే వయసు నాకు దాటిపోయిందని తర్వాత అర్థమైంది.

ఫైలు తెరిచాడు. ఒడియా లైను మీద రెండు నొక్కులు నొక్కి, పది సెకన్లలో తేదీ, మాట రెండూ మార్చేశాడు. శభాష్ అన్నాను.

"ఇప్పుడు తెలుగు మార్చు బాబూ."

"తెలుగు టెక్స్ట్ లేదు మాస్టారూ."

"అదిగో, మూరెడు అక్షరాలు కనిపిస్తున్నాయి కదా!"

"కనిపిస్తాది. కానీ లేదు. మెర్జ్ చేసీసినాం. అది బొమ్మ."

కనిపిస్తుంది కానీ లేదు! శంకరాచార్యులవారు ఎన్ని భాష్యాలు రాసినా నా బుర్రకెక్కని మాయావాదాన్ని ఆ కుర్రాడు గుట్కా నములుతూ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

తెలియనివాళ్లకి చెప్తాను, తెలిసినవాళ్లు నాతోపాటు పళ్లు కొరకండి. ఫోటోషాప్‌లో లేయర్లు వచ్చింది 1994లో. ఫోటో ఒక పొర, రంగు ఒక పొర, దేనికది విడిగా ఉంటుంది. కానీ అక్షరాలు మాత్రం అప్పటికి ఒకసారి పెడితే అంతే, చుక్కల ముద్దైపోయేవి. 1998లో ఐదో వెర్షన్‌తో అక్షరం అక్షరంగానే ఉండే పొర వచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి తప్పు దిద్దుకోవచ్చు. మన కుర్రాడు పుట్టిందే ఆ తర్వాత. అయినా 1997 నాటి ఆచారాన్ని నిష్ఠగా పాటిస్తున్నాడు. పూర్వాచారం మీద ఇంత గౌరవం ఈ తరంలో ఎక్కడ చూస్తాం?

ఆ సాఫ్ట్‌వేర్ పాపం మర్యాదస్తురాలు. టెక్స్ట్ మీద ఫిల్టరేదైనా వేయబోతే ఆగి అడుగుతుంది: అయ్యా, ఇలా చేస్తే ఈ అక్షరాలు ఇక మార్చలేరు, సమ్మతమేనా? పోనీ స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసుకుంటారా, లోపల అక్షరాలు క్షేమంగా ఉంటాయి? మావాడు ఆ ప్రశ్న చదవడం నేనెప్పుడూ చూడలేదు. ఇక పొరల్ని కలిపేసే కంట్రోల్ ఈ అంటారా, ఆ మీట మీద అక్షరమే అరిగిపోయింది. లేయర్లు విడివిడిగా కనిపిస్తే అతనికి ఉమ్మడి కుటుంబం వేరుపడినంత బాధ. అందర్నీ ఒక్క కప్పు కిందికి చేర్చి, ముద్ద చేసి, సేవ్ కొట్టి, ఫైలు మూసేస్తే గానీ నిద్రపట్టదు. మూశాక అన్‌డూ కూడా ఉండదని మీకు తెలుసు.

"మళ్లీ టైపు చేసెయ్ బాబూ, అరగంట పని."

"ఫాంటు ఆ పాత సిస్టంలో ఉండీది మాస్టారూ. అది పోయింది. మ్యాచ్ అవదు. ఉండండి, నాను సేస్తాను కదా."

అప్పుడు మొదలైంది శస్త్రచికిత్స.

ముందు రోగిని రెండొందల శాతానికి పెద్దది చేశాడు. 'వర్ధంతి'లో 'తి' ఆరోగ్యంగా ఉంది, ఉంచుకోవచ్చన్నాడు. సున్నా కూడా పనికొస్తుందన్నాడు. తీయాల్సింది 'వర్ధ' మాత్రమే, పెట్టాల్సింది 'జయ'. రెండక్షరాలకి రెండక్షరాలు, "లెక్క సరిపోయింది" అని నవ్వాడు. ఇక దాత కావాలి. 'జనవరి' ఎలాగూ చనిపోయే కేసే కాబట్టి దాని నుంచి 'జ' తీసుకున్నాడు. 'య' కోసం బ్యానరంతా వెతికి, మూలన చిన్న అక్షరాల్లో ఉన్న 'సమయం'లో పట్టుకున్నాడు. అయిదు రెట్లు పెంచేసరికి దాని అంచులు సింహాచలం మెట్లలా లేచాయి. దాని మీద ఏదో నునుపు మందు పూశాడు. మెట్లు పోయి మబ్బు వచ్చింది.

ఇప్పుడు 'ర్ధ' కింద ధ వత్తు వేలాడుతోంది. అది సరిగ్గా పంతులుగారి భుజం మీదికి దిగింది. స్టాంప్ టూల్‌తో వత్తు తుడిచాడు, భుజం కూడా వెళ్లింది. పక్క భుజం కాపీ చేసి తిరగేసి అతికించాడు. దాంతో పంతులుగారు గుమ్మంలో ఇరుక్కున్నవాడిలా కాస్త పక్కకి నిలబడ్డారు. వెనక రంగు జారే రంగాయె, అతికించిన చోటల్లా వేరే పసుపు. గోడకి సున్నం మాసిక వేసినట్టుంది.

తేదీకి వచ్చాం. 22లో మొదటి 2 ఉంచాడు. 9 కావాలి. ఎక్కడుంది? అడుగున షాపువాళ్లు వేసుకున్న సొంత ఫోన్ నంబర్లో! అక్కడి నుంచి ఒక 9 తెచ్చాడు. 'ఆగస్టు' మాత్రం లొంగలేదు. గ ఉంది గానీ 'స్టు' ఎవరి ఒంట్లోనూ దొరకలేదు. చివరికి '29-8' అని తేల్చాడు. 8 కూడా ఫోన్ నంబరుదే. దిద్దడానికి పట్టిన సమయం రెండు గంటల పది నిమిషాలు. అరగంట పనిని తప్పించుకున్నందుకు అతని ముఖంలో ఎంత తృప్తి!

మధ్యలో అడిగాను: ఒడియా లైను లేయరుగానే ఎందుకుంచావు, తెలుగే ఎందుకు ముద్ద చేశావు? నిజాయితీగానే చెప్పాడు. ఒడియాకి అన్ని సిస్టంలలో ఫాంటుంది, పార్టీలు వచ్చి దిద్దిస్తారు. తెలుగుది పాత తరహా ఫాంటు, ఒక్క కంప్యూటర్లోనే ఉండేది, ఇంకోదాంట్లో ముట్టుకుంటే ఇంగ్లీషు గజిబిజి అయిపోయేది. అందుకని మెర్జ్. ఇంతవరకూ నాకు కోపం లేదు. ఒడియా మీద అసలే లేదు, మా ఇంట్లో సగం మాటలు అవే. తర్వాత ఒక మాటన్నాడు.

"అయినా ఇక్కడ తెలుగు ఎవలు సదువుతారు మాస్టారూ?"

ఎవరు చదువుతారా? 1880లో ఈ ఊరికే బడిపంతులుగా వచ్చి, ఈ కొండల్లోని సవరల మాట నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన మనిషి ఫోటో మీద కూర్చుని అడగాల్సిన ప్రశ్నా ఇది? గ్రాంథికంలో బిగదీసిన తెలుగుని విప్పండిరా, జనం మాట్లాడినట్టు రాయనివ్వండిరా అని ఆయన ముసలితనం దాకా పోట్లాడాడు. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలో కలిస్తే ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయాడు. ఆయన పేరునే మార్చడానికి వీల్లేని ముద్ద చేసి, చదివేవాళ్లు లేరంటావా? చదివేవాళ్లు లేరని నువ్వు మెర్జ్ చేస్తావు, తప్పుల బ్యానర్లు చూసి చూసి ఉన్నవాళ్లూ చదవడం మానేస్తారు. అప్పుడు నీ మాటే నిజమవుతుంది! సిగ్గులేదూ? అతనికొక్కడికే కాదు, మాకూ. సంఘంలో పదకొండు మందిమి ఉండి జనవరిలో ఒక్కరమూ 'ఫైలు లేయర్లతో ఇవ్వు బాబూ' అనలేదు. ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడాలన్న దాని గురించి మాత్రం గంట కొట్టుకున్నాం.

ఇంకో సంగతి. గిడుగు పేరుతోనే ఒక యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది, అంటే పాత తరహాది కాదు, అక్షరాలు గజిబిజి అయిపోవు. ఉచితం. ఏ కంప్యూటర్లోనైనా దిగుతుంది. కొత్త ఫోటోషాప్‌లో వత్తులూ విడిపోవు. చెప్పాను. "ఓహో" అన్నాడు.

బ్యానర్ కట్టాం. పాతపట్నం నుంచి వచ్చిన అతిథి చాలాసేపు చూసి, పంతులుగారికి భుజం నొప్పేమైనా ఉండేదా అని అడిగారు.

డబ్బులివ్వడానికి షాపుకి వెళ్తే కుర్రాడు ఉత్సాహంగా స్క్రీను నావైపు తిప్పాడు. తెల్లటి కాగితం మధ్యన ఒంటరిగా 'వర్ధ'. చక్కగా కత్తిరించి విడిగా జేపీజీ చేసి పెట్టాడు.

"జనవరిలో మళ్లీ వస్తారు కదా మాస్టారూ. అప్పుడు దీన్ని అతికించీడమే."