డాబా మీద ఆరుతున్న రజాయి గారికి

మహారాజరాజశ్రీ రజాయి గారికి,

చిక్కడపల్లి రెండో అంతస్తు నుంచి మీ ఆశ్రితుడు రాసుకునేది. ఉభయకుశలోపరి.

ధనుర్మాసం మొదలై రెండు వారాలైంది. పొద్దున్నే అయిదింటికి మా వీధి గుళ్ళో మైకు అందుకుంటుంది. గోదాదేవి ఇంటింటికీ వెళ్ళి లేవండమ్మా అంటుంటే, నేను మీ అంచు చెవుల మీదికి లాక్కుంటాను. పాశురాలు ముప్ఫై ఉన్నాయి కదా, తొందరేముంది.

మిమ్మల్ని కొన్నప్పుడు నా ఉద్దేశం మంచిదే. మా పిన్ని కొడుకు మిన్నెసోటా ఉత్తర కొసన ఓ పల్లెటూళ్ళో ఉంటాడు. పోయిన చలికాలంలో వాడి నవల పూర్తయింది. సాహిత్యానికి కావలసింది చలి అని నాకప్పుడు జ్ఞానోదయమైంది. మనకి చలి తక్కువ, కనీసం సరంజామా అయినా ఉండాలని మంకీ క్యాపు, ఉన్ని సాక్సులు, కోఠీలో బేరమాడి మీరు.

తర్వాత వాడి దినచర్య అడిగాను. కిటికీ, మంచు, కాఫీ అంటాడనుకున్నా. విన్నాక ఒళ్ళు నొప్పులొచ్చాయి. లేవగానే పొయ్యిలో బూడిద తీసి ఇనప బకెట్లో బయట పెట్టాలట. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుందట. తర్వాత కట్టెలు మొయ్యాలి, అవీ నిరుడే కొట్టి ఎండబెట్టినవి. పచ్చివైతే పొగే తప్ప వేడి రాదు. కారు ఇంజనుకున్న హీటరు రాత్రి ప్లగ్గులో పెట్టకపోతే పొద్దున్న కారు కదలదు. పైపులు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదలాలి. గుమ్మం ముందు మంచు పారతో ఎత్తిపోయాలి, మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. డిసెంబర్లో పగలు ఎనిమిదిన్నర గంటలే. "మైనస్ 40కి సెల్సియస్సూ ఫారిన్‌హీటూ ఒకటే అన్నయ్యా, లెక్క మార్చుకునే పని ఒక్కటే తప్పుతుంది" అని నవ్వాడు.

"మరి రాసేదెప్పుడ్రా?"

"ఇవన్నీ అయ్యాక. పొయ్యి చల్లారేలోపు."

మాకు డిసెంబర్లోనూ పగలు పదకొండు గంటలు. మోసే కట్టె లేదు, గీజరు స్విచ్చుంది. పది డిగ్రీలకు దిగితే నగరం గజగజ అని టీవీలో వేస్తారు, అది చూసి నేనూ వణుకుతాను. పౌరధర్మం. చలికి వేళ్ళు వంగట్లేదని ఎడిటరు గారికి చెప్పాను. ఆయనది ఆదిలాబాదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ల్యాప్‌టాప్‌ని మీలోకి తెచ్చుకుని చూశాను. అదీ వెచ్చబడి నిద్రపోయింది. మీ ఎడమ మూల కుట్టూడి దూది ఉండకట్టింది చూడండి, నా కాలి బొటనవేలికి సరిగ్గా అమరుతుంది. గంటల తరబడి దాన్ని అటూ ఇటూ నెడుతూ కాలమ్ గురించి ఆలోచిస్తాను. ఈ నెల నా సాహిత్య కృషంతా ఆ మూలే ఉంది. పైన ఉస్మానియా బిస్కెట్ పొడి అదనం.

ఇవాళ పదింటికి మా ఆవిడ "కంపు కొడుతోంది, ఎండలో పడేయాలి" అంది. ఒక్క క్షణం నన్నేమో అనుకున్నాను. మిమ్మల్ని లాక్కెళ్ళి డాబా మీద తీగకి వేసింది. ఈ ఉత్తరం అప్పట్నుంచి రాసిందే. కాలమ్‌ది కూడా మొదటి పేరా అయింది, నిజం.

ఇప్పుడు టైము నాలుగున్నర. ఎండ వాటర్ ట్యాంకు దాకా జరిగింది. మీకు మంచు తగలకముందే పైకొస్తున్నాను. రెండో పేరా సంగతి మీతో కలిసి ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ బొటనవేలు