కిల్ట్ వేసుకోండి, కానీ ముందూ వెనకా చూసుకోండి

స్కాట్లాండ్ వెళ్లే టూరిస్టులు కిల్ట్ (అక్కడి మగవాళ్లు నడుముకి చుట్టుకునే గళ్ల కుచ్చిళ్ల బట్ట) వేసుకుంటే అక్కడివాళ్లు నొచ్చుకుంటారా అని సందేహమా? నొచ్చుకోరండీ. మన పెళ్లికొచ్చిన తెల్లాయన పంచె కట్టుకుంటే మనం మురిసిపోమా, అలాగే. గ్లాస్గోలో ఫ్రెండ్ పెళ్లికి నేను అద్దెకు తీసుకుని వేసుకున్నా. కుచ్చిళ్లు ముందుకొచ్చేలా చుట్టేసుకుని బయటికొస్తే, షాపు పెద్దాయన ఏమీ అనకుండా నన్ను పట్టుకుని గిర్రున తిప్పాడు! కుచ్చిళ్లు వెనక, బల్లపరుపు భాగం ముందు, అంచు మోకాలి దగ్గర ఆగాలి. పిన్ను పై పొరకే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే గుడ్డ చిరుగుతుంది.

అయితే ఎడిన్‌బరోలో రాయల్ మైల్ వీధి పొడవునా చవగ్గా అమ్మేవి చాలావరకు పల్చటి సింథటిక్‌వి. అసలైనది ఎనిమిది గజాల ఉన్ని, ఆ బరువుంటేనే అక్కడి గాలికి ఎగరకుండా నిలుస్తుంది, పల్చటిది వేసుకుని కొండెక్కితే పరువు పోతుంది మరి.

అక్కడ ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల డిజైను ఉంటుంది. మా వంశం కాదే, ఏ గళ్లు వేసుకోవాలి అని టెన్షన్ వద్దు, రాజకుటుంబానికే కేటాయించిన బాల్మోరల్ లాంటి కొన్ని తప్ప మిగతావి ఎవరైనా వేసుకోవచ్చు. నాకు నచ్చనిదల్లా ఎర్ర విగ్గు అతికించిన టోపీ పెట్టుకుని తాగి గంతులేయడం. 1746 బ్రిటిష్ చట్టంతో హైలాండ్స్ (స్కాట్లాండ్ కొండప్రాంతం) మగవాళ్లకి ఈ బట్టలే నిషేధించారు, 1782 దాకా ఎత్తేయలేదు. అది తెలిస్తే ఆ టోపీ కొనబుద్ధి కాదు.

అన్నట్టు, మేజోడులో దోపుకునే చిన్న కత్తి కొంటే చెక్-ఇన్ బ్యాగులో వేయండి, క్యాబిన్‌లోకి రానివ్వరు.