సంఘానికి సర్కారు సొమ్మెందుకు?

డిసెంబరు వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో సెమీ క్రిస్మస్ వేదికలు లేస్తాయి. పందిట్లో శాసనసభ్యుడు కేకు కోస్తాడు, పాస్టరు ఆయన తలపై చేయి పెట్టి ప్రార్థిస్తాడు, ఆ వెంటనే నాయకుడు మైకు అందుకుని తమ ప్రభుత్వం క్రైస్తవులకు చేసిన మేళ్లను ఏకరువు పెడతాడు. అధికారంలో ఎవరున్నా కండువా రంగు మారుతుందే తప్ప ఈ తంతు మారదు. లౌకిక రాజ్యంలో క్రైస్తవ సంఘం స్థానమేమిటన్న ప్రశ్నకు ఇది సరైన జవాబు కాదని మా అభిప్రాయం.

ఈ డెల్టాలో సంఘం ఖజానా మీద ఆధారపడి పుట్టలేదు. 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం ప్రాంతంలో పనిచేసిన మిషనరీల్లో విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టే వృత్తివాడు. ఏ మిషను సంస్థ నుంచీ స్థిరమైన జీతం లేకుండానే వారు ఇక్కడ పని మొదలుపెట్టారు. తెల్లదొరల ఏలుబడి వారికి అనుకూలించలేదని ఎవరూ అనరు గానీ, పల్లెల్లో మిషనరీలకు నమ్మకం కుదిరింది దొరలను చూసి కాదు, బడి గడప తొక్కనివ్వని పిల్లల చేతికి పలక ఇచ్చినందుకు. తరవాత బడులూ ఆసుపత్రులూ ప్రభుత్వ బాధ్యత అయ్యాయి, కావలసిందే. అంతమాత్రాన సంఘానికి పని లేకుండా పోలేదు.

ఇప్పుడు పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఖజానా నుంచి వస్తోంది. అర్చకులకూ ఇమాములకూ ఇస్తూ తమనెందుకు వదిలేయాలన్న వాదనలో న్యాయముంది. అయితే అసలు మతబోధకులను ప్రభుత్వం పోషించవచ్చా అన్న ప్రశ్నకు అది బదులు కాదు. కాలవగట్టు మీద రేకుల షెడ్డులో నాలుగు కుటుంబాలతో సంఘం నడుపుకొనే పాస్టరుకు ఆ మొత్తం చిన్నదేమీ కాదని మాకు తెలుసు. అందుకే ఆ భారం పట్టణాల్లో స్థలాలూ దుకాణాల అద్దెలూ ఉన్న పెద్ద చర్చిలు మోయాలి. ఆస్తుల తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే కమిటీలు లెక్కలు సభ్యుల ముందు పెడితే, దానికి సరిపడా సొమ్ము ఎక్కడుందో తేలుతుంది. ప్రభుత్వం చేతి నుంచి జీతం అందుకునేవాడు అదే ప్రభుత్వాన్ని నిలదీయగలడా?

నిలదీయాల్సినవి తక్కువేం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందూ మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సడలించినా, దళిత క్రైస్తవులు మన రాష్ట్రంలో ఒక శాతం కోటా ఉన్న బీసీ-సీ దగ్గరే ఆగిపోయారు. ఫలితంగా ఆదివారం ఆరాధనలో కూర్చున్న మనిషి సోమవారం మండల కార్యాలయంలో మతం దాచుకోవలసి వస్తోంది. మతం మారినా పేట మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు. ఈ హోదా పౌరహక్కు; జెరూసలేం యాత్రకిచ్చే రాయితీతో దీన్ని ఒకే గాటన కట్టడం సంఘం తనను తాను తక్కువ చేసుకోవడమే.

హక్కులడిగే సంఘం ఊరి కష్టాన్నీ తనదిగా పట్టించుకోవాలి. కోడలు కువైట్‌లో ఇంటిపనికి పోతే మనవలతో మిగిలిన ముసలివాళ్లు కోనసీమలో ఏ కులానికీ మతానికీ కొత్త కాదు. వారి మందుల చీటీ చదివిపెట్టే మనిషి, వరద వేళ లంక నుంచి వచ్చినవారికి తలుపు తీసే చర్చి, హాజరు పట్టీలో వారి పేరుందా అని చూడకూడదు.

ఇక శ్మశానం. గజం నేల బంగారమైన డెల్టాలో ఎన్నో పల్లెల క్రైస్తవులు తమవారిని కాలవగట్టు పక్కనే పూడుస్తున్నారు. వానాకాలంలో గొయ్యి తవ్వుతుంటేనే నీరు ఊరుతుంది, పెట్టెను తాళ్లతో అదిమి మట్టి పోయాలి. సంఘాల పెద్దలు కలెక్టర్ల దగ్గరకు పట్టుకెళ్లవలసిన మొదటి అర్జీ శ్మశాన స్థలం కోసమే. దాన్ని ఏ పార్టీ నాయకుడి సిఫారసూ లేకుండా, పూడ్చుకునే ఆచారమున్న ఇతర కులాలవారి సంతకాలు కూడా కలుపుకుని, గ్రామసభ తీర్మానంతో ఇవ్వాలి.