జీవితకాల హామీ గల క్యాన్ ఓపెనర్ గారికి

మహారాజశ్రీ క్యాన్ ఓపెనర్ గారి దివ్యసముఖమునకు, ఎడమచేతి బొటనవేలికి కట్టు కట్టుకుని కుడిచేత్తో వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి అనడం మర్యాద గనుక అంటున్నానే తప్ప, నిన్నటి మధ్యాహ్నం తర్వాత మన ఇద్దరిలో ఎవరమూ కుశలంగా లేము.

నిన్న మిత్రుల ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం పట్టుకెళ్లే విందు. మామిడి లస్సీ నా వంతు. అందుకోసం 850 గ్రాముల తోతాపురి గుజ్జు డబ్బా కొన్నాను. చిత్తూరు జిల్లా తోటల్లో కాసి, అక్కడి ఫ్యాక్టరీలోనే గుజ్జయి, డబ్బాకెక్కి, ఓడెక్కి, సముద్రాలు దాటి టెక్సాస్‌లో మా వంటగట్టు దాకా ఏ ఆటంకమూ లేకుండా వచ్చిన ఆ పండుకు, చిట్టచివర ఒక రేకు మూత దగ్గర మీరు అడ్డుపడ్డారు.

మీరు అసలే తెరవకపోయి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. ముప్పాతిక వంతు తెరిచారు. మొదట ఎంతో వినయంగా తిరిగారు. డబ్బా పక్క అతుకు వచ్చి అంచును కలిసే చోట రేకు మడతలు కాస్త మందంగా ఉంటాయి. అక్కడికి రాగానే టక్కున ఎగిరి, వేలెడు దూరం అవతల దిగారు. వెనక్కి తెచ్చి పెట్టాను, మళ్లీ ఎగిరారు. మూడోసారికి మీ రెక్క తిరుగుతోంది గానీ డబ్బా కదలడం లేదు. అరగంట గడిచేసరికి మూత మూడుచోట్ల బియ్యపుగింజంత రేకును పట్టుకుని వేలాడుతోంది. చీలికలోంచి ఉబికిన గుజ్జు మీ చక్రానికి పట్టిన ఏడు నెలల నల్లటి జిడ్డును శుభ్రంగా కడిగి, తిరిగి డబ్బాలోకే దిగింది. ఆ మూతను చెంచాతో పైకి లేపబోయినప్పుడే నా వేలు తెగింది.

మీ జబ్బేమిటో నాకు తెలియకపోలేదు. పళ్ల చక్రం అంచును కింది నుంచి పట్టుకోవాలి, కోసే చక్రం పైనుంచి దిగాలి, రెండింటి మధ్య ఎడం ఏమాత్రం పెరగకూడదు. ఆ భారమంతా మోసే పిడులను మీకు పలుచటి రేకుతో చేశారు. నొక్కినప్పుడల్లా అవి వంగుతాయి, రివిట్ వదులవుతుంది, ఎడం పెరుగుతుంది, పళ్లు పట్టు తప్పుతాయి. పట్టుకోవడానికి మెత్తగా ఉండాలని పైన రబ్బరు తొడుగు మాత్రం వేశారు. పాడెకు పరుపన్నమాట. అట్ట మీద జీవితకాల హామీ అని ఉంది. అది మీ జీవితకాలమేనని ఏడో నెలలో అర్థమైంది. ఎడమచేతి వాటం ఉన్న మా ఆవిడకు మీరు మొదటి రోజు నుంచే పనిచేయలేదు, ఆ సంగతి వేరే లేఖలో.

మీ వంశం అంతా ఇలాంటిది కాదు. డబ్బాకు 1810లోనే పేటెంటు వచ్చినా, దాన్ని తెరిచే పనిముట్టుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1855లో. అంతదాకా జనం ఉలీ సుత్తీ పట్టుకునే తిప్పలు పడ్డారు. 1870లో అమెరికాలో విలియం లైమన్ తిరిగే చక్రం పెట్టాడు, 1925లో దానికి పళ్ల చక్రం తోడైంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు ఇచ్చిన పి-38 అనే ఓపెనరు ఒకటిన్నర అంగుళాల ఇనుప ముక్క, ఒకే ఒక్క మడతబందు. దానితో డబ్బాలు తెరుచుకుని కందకాల్లో కూర్చుని తిన్నారు. మా అమ్మమ్మ కత్తిపీటకు ఆ మడతబందు కూడా లేదు, ఇప్పటికీ గుమ్మడికాయ కోస్తుంది.

నువ్వు మాత్రం వందేళ్లనాటి ఉపాయాన్ని తీసుకుని, ఒక మామిడి డబ్బా చుట్టూ సాంతం ఒక్క చుట్టు తిరగలేకపోయావు! నీ పని అదొక్కటే కదయ్యా! నేను నిన్ను కొబ్బరికాయ కొట్టమన్నానా, పిండి రుబ్బమన్నానా?

చివరికి గ్యారేజీలోంచి సుత్తీ, స్క్రూడ్రైవరూ తెచ్చి, 1855కు ముందటి మనిషిలా డబ్బా ముందు కూర్చున్నాను. తెరుచుకుంది. గుజ్జులో జిడ్డూ, రేకు పొడీ ఉన్నాయి గనుక పారబోశాను. లస్సీ తెస్తానన్నవాణ్ణి మజ్జిగ పట్టుకెళ్లాను.

ఇట్లు,
తమ చేతికి చిక్కినవాడు.

తా.క.: కోపంలో తమరిని చెత్తబుట్టలో వేసిన మాట వాస్తవమే. అయితే తమ పిడి చివర సోడా సీసా మూత తీసే కొక్కెం ఒకటి ఉంది, అందులో తిరిగేదేమీ లేదు, అది భేషుగ్గా పనిచేస్తోంది. అందుచేత తమరిని కడిగి మళ్లీ సొరుగులోనే పెట్టాను.