"మాస్టర్ ఇష్టం" అని రాశారంటే మంత్రం సగమే రాశారని అర్థం

కొంచెం కోపంగానే రాస్తున్నాను, చదివేవాళ్లు సర్దుకోండి.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగిలినవాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని ఆడతారు, తేలని చోట పాచికలు వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ పిచ్చి మొదలైంది. కర్నూలులో మా గుంపుకి ఆదివారం మధ్యాహ్నాలు దీనికే అంకితం. ఇప్పుడు తెలుగులో సొంతంగా ఒక ఆట రాసుకుంటున్నాం. కథంతా మన సీమలోనే జరుగుతుంది: కోటలు, గుహలు, కరువు, పాలెగాళ్లు. మంత్రాల అధ్యాయం నా నెత్తిన పడింది. ఆడే అలవాటున్న వాళ్లందరినీ తలా రెండు మంత్రాలు రాసి పంపమన్నాం. పంపారు. అవి చదివాకే ఈ పోస్టు.

వాటిలో ఒకటి ఎలా ఉందంటే: "మాంత్రికుడు హూంకరించగానే కూతవేటు దూరంలోని శత్రువులంతా కొద్దిసేపు భయభ్రాంతులై పరుగులు తీస్తారు. ప్రభావం మాస్టర్ నిర్ణయం మేరకు."

నాటకంలో అయితే నేనే ముందు చప్పట్లు కొడతాను. ఆటలో మాత్రం దీనితో ఏం చెయ్యాలి? కూతవేటు అంటే ఎవరి కూత? మా మేనమామ చేన్లో నుంచి కేకేస్తే ఊళ్లో వినపడుతుంది, నేను కేకేస్తే వరండా దాటదు. శత్రువులంటే నేను శత్రువనుకున్నవాళ్లా, నన్ను శత్రువనుకున్నవాళ్లా? వేషం మార్చుకుని మాతో నడుస్తున్న గూఢచారి పరుగెత్తాలా వద్దా? పరుగెత్తితే వాడి గుట్టు అక్కడే రట్టయిపోతుంది, అంటే భయపెట్టే మంత్రం కాస్తా దొంగను పట్టే మంత్రం అవుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇది: గండికోటలో లోయ అంచున నిలబడ్డ కాపలావాడు భయంతో పరుగెత్తి పెన్నలోకి దూకేస్తాడా, అంచు దాకా వెళ్లి ఆగుతాడా? దూకేస్తాడంటే, కొత్త మాంత్రికుడికి ఇచ్చిన చిన్న మంత్రం కోట మొత్తాన్ని ఖాళీ చేసేస్తుంది. ఒక్క వాక్యం రాస్తే పోయేది: "కళ్ల ముందు కనపడే ప్రాణాపాయంలోకి పరుగెత్తరు."

ఇలా అడిగితే వచ్చే జవాబు ఒకటే. "అవన్నీ మాస్టర్ చూసుకుంటాడులే అన్నా."

చూసుకోడు. బల్ల దగ్గర ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్లు చూసుకుంటారు. మా గుంపులో ఒక లాయరున్నాడు. మనిషి బంగారం, టీ డబ్బులు ఎప్పుడూ ఆయనే ఇస్తాడు. కానీ రూల్‌లో సందు దొరికిందంటే కోర్టులో కంటే బాగా వాదిస్తాడు. "అట్ల చెయ్యకూడదని యాడ రాసినారన్నా?" అంటాడు. ఎక్కడా రాసి ఉండదు. పావుగంట వాదించాక మాస్టర్‌కి నీరసం వస్తుంది, సరే కానీ అంటాడు. అదే బల్ల దగ్గర ఒక డిగ్రీ అమ్మాయి కూడా ఆడుతుంది. మొదట్లో మాంత్రికురాలి పాత్ర తీసుకుంది. ప్రతి మంత్రానికీ "ఇది చెయ్యొచ్చా అన్నా?" అని అడగాలి, మాస్టర్ ఆలోచించాలి, లాయరు తన మాట కలపాలి. కొన్నాళ్లకి పాత్ర మార్చేసి కత్తి పట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "కత్తికైతే ఎవురినీ అడిగే పని లేదు కదన్నా" అంది.

నాకు మండేది అక్కడ. అస్పష్టంగా రాస్తే ఊహకు స్వేచ్ఛ ఇచ్చినట్టని అనుకుంటారు. ఆ స్వేచ్ఛ నోరున్నవాడికే దక్కుతుంది. మొహమాటం ఉన్నవాళ్లకు అచ్చులో ఉన్న అక్షరమే అండ. తన కార్డు మీద "60 అడుగుల లోపు, కంటికి కనిపించే ఒక ప్రాణి" అని ఉంటే ఆ అమ్మాయి ఎవరినీ అడగదు. పాచిక వేస్తుంది, అంతే.

మంత్రాల్లో లొసుగులు మనకేమీ కొత్త కాదు. భస్మాసురుడి వరం ఎలా ఉంది? ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్లు భస్మం. "ఎవరి" అన్నదాంట్లో వరం ఇచ్చిన శివుడు వస్తాడా? మినహాయించలేదు కాబట్టి వస్తాడు. పుచ్చుకున్నవాడు వస్తాడా? వాడూ వస్తాడు. మోహిని అదే పట్టుకుంది. "నువ్వు, నీకు వరమిచ్చినవారు తప్ప" అని ఒక ముక్క చేర్చి ఉంటే కథే లేదు. హిరణ్యకశిపుడు అంతకంటే జాగ్రత్తపరుడు. పగలు, రాత్రి, ఇంట, బయట, మనిషి, మృగం అంటూ పెద్ద మినహాయింపుల జాబితా రాయించుకున్నాడు. జాబితా ఎంత పెద్దదైనా మధ్యలో సందు మిగులుతుందని చూపించిన స్తంభం ఇదేనంటూ మన అహోబిలంలో కొండెక్కించి మరీ చూపిస్తారు. (జిల్లాలు విడదీశాక అహోబిలం నంద్యాలలోకి వెళ్లింది. మాకు మాత్రం ఇంకా మనదే.) అందుకే మంత్రం ఏం చెయ్యదో జాబితా కట్టడం కంటే ఏం చేస్తుందో ఒక్కటి గట్టిగా చెప్పడం మేలని నా నమ్మకం. యాగంటిలో అగస్త్యుడి శాపం చూడండి: కాకులు ఈ క్షేత్రంలోకి రాకూడదు. ఎవరికి, ఎక్కడ, ఏమిటి, మూడూ ఒక్క ముక్కలో వచ్చేశాయి. ఇన్ని తరాలుగా దాని మీద ఎవరూ వాదించలేదు.

అలాగని లెక్క ఖచ్చితంగా ఉంటే చాలనుకోకండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఫైర్‌బాల్ అని పేరుమోసిన మంత్రం ఉంది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో దాని రూల్ ఇంతే: 20 అడుగుల వ్యాసార్థం ఉన్న గోళం, ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తే వచ్చినంత దెబ్బ, తప్పించుకోగలిగితే సగం. 1978 నాటి పుస్తకంలో అయితే ఆ మంట ఉన్న చోటును బట్టి పరుచుకుని, సుమారు 33,000 ఘనపుటడుగులను నింపుతుంది. మాలో ఒకరు ఈ పాత పద్ధతి మీద మనసు పడి, బెలూం గుహల లాంటి చోట దాన్ని వాడారు. బెలూం వెళ్లినవాళ్లకు తెలుసు, మూడు కిలోమీటర్లకు పైగా సాగే గుహ అది, చాలా చోట్ల ఇరుకే. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న సొరంగంలో ఆ మంట 330 అడుగుల పొడవున పాకాలి. పేలిన చోటు నుంచి అటు 165, ఇటు 165. వేసినవాడు వంద అడుగుల దూరంలో నిలబడ్డాడు. మిగతాది ఊహించుకోండి. ఆ రూల్‌లో అస్పష్టత ఏమీ లేదు. కానీ మలుపులు, కొమ్మ దారులు లెక్కేసి మంట ఎక్కడ ఆగిందో తేల్చేసరికి బజ్జీలు చల్లారిపోయాయి. బల్ల దగ్గర నోటి లెక్కతో తేలనిది నా దృష్టిలో మంచి రూల్ కాదు, కాగితం మీద ఎంత ముద్దొచ్చినా సరే.

పెద్ద కంపెనీల రూల్‌బుక్కుల్లోనూ జారుడు మాటలు లేకపోలేదు. ఐదో ఎడిషన్‌లో సజెషన్ అనే మంత్రం ఉంది, ఎదుటివాడికి ఒక పని చెప్పి చేయించొచ్చు. షరతు ఏమిటంటే, ఆ పని సబబుగా వినిపించాలి. ఎవరికి సబబు? అక్కడే ఇచ్చిన ఉదాహరణ: ఒక యోధురాలు తన యుద్ధాశ్వాన్ని ఎదురైన మొదటి బిచ్చగాడికి ఇచ్చెయ్యడం. అది సబబైతే ఏది కాదో నాకైతే తెలియదు. మా లాయరుకు ఈ మంత్రమంటే ప్రాణం. 2024 సవరణలో ఆ మాట తీసేసి, చెయ్యగలిగిన పనిలా వినిపిస్తే చాలన్నారు. చెయ్యగలడా లేదా అన్నది తేల్చడం సులువు. అంటే పదేళ్లకు వాళ్లే దిద్దుకున్నారు.

ఇక నన్ను తిట్టేవాళ్ల వాదన. "ఇట్ల రాస్తే మంత్రం కాదు, రేషన్ కార్డు అయితాది" అన్నాడొక మిత్రుడు. ఈ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో ప్రతి శక్తినీ ఒక చిన్న పెట్టెలో పెట్టారు: దూరం, గురి, దెబ్బ, ప్రభావం. అంత స్పష్టత అంతకు ముందు లేదు. అయినా చాలామంది మొహం చిట్లించారు, కత్తి తిప్పినా మంత్రం వేసినా ఒకేలా ఉందన్నారు. నాకు అర్థమైనంతలో తప్పు పెట్టెది కాదు. అన్ని పెట్టెల్లోనూ దాదాపు ఒకే సరుకుంది: ఇంత దెబ్బ, అన్ని గడులు వెనక్కి నెట్టు. పని కొత్తగా ఉంటే పెట్టెలో పెట్టినా కొత్తగానే ఉంటుంది. అందుకే మా పుస్తకంలో వర్ణనకు వేరే చోటు ఇచ్చాం. పైన రెండు వాక్యాలు మీ ఇష్టం, పద్యం రాసుకోండి. కింద రూల్. పై భాగంలో ఏం రాసినా దానికి ఆటలో బలం లేదు. "అగ్ని సర్పం బుసకొడుతూ" అని రాసినంత మాత్రాన ఆ పాము కాటుకు విషం ఎక్కదు.

చెప్పాలనుకున్న అసలు సంగతి వాన మంత్రం. అనంతపురం నుంచి ఒకాయన పంపాడు: "మాంత్రికుడు ప్రార్థించగా ఊరంతా వాన కురుస్తుంది." ఇంకే ప్రాంతంలోనైనా ఇది అలంకారం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే చోట, కరువే కథగా ఉన్న ఆటలో, ఈ ఒక్క వాక్యం పుస్తకాన్ని మూసేస్తుంది. ఊరికొక మాంత్రికుడుంటే కరువెక్కడిది, పాలెగాడి పెత్తనం ఎక్కడిది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎలా ఉందని చూశాను. దాని మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద వదిలారు కాబట్టి ఎవరైనా తీసి వాడుకోవచ్చు. అందులో నీళ్లు పుట్టించే చిన్న మంత్రం ఉంది: పది గ్యాలన్లు, లేదా అవే నీళ్లు 30 అడుగుల ఘనంలో వానగా. లెక్కెయ్యండి. పది గ్యాలన్లంటే 38 లీటర్లు. 30 అడుగులకు 30 అడుగులంటే రెండు సెంట్ల పైచిలుకు. అంత చోట 38 లీటర్లు చల్లితే అర మిల్లీమీటర్ కూడా పడదు. దుమ్ము అణుగుతుంది, మంట ఆరుతుంది, విత్తనం మొలవదు. ఎకరానికి 25 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు లక్ష లీటర్లు, అంటే ఆ మంత్రం రెండున్నర వేల సార్లకు పైనే వెయ్యాలి. రాసినవాళ్లు కరువును మనసులో పెట్టుకుని రాశారో లేదో గానీ, సంఖ్య వేసినందువల్ల వాళ్ల లోకం నిలబడింది.

మా ముసాయిదా ఇలా వచ్చింది. మంత్రం పేరు "పదును". మాంత్రికుడు నిలబడ్డ చోటు మధ్యగా ఒక ఎకరం నేల మీద ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు, విత్తనం వెయ్యడానికి సరిపడా వాన. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా కదలకుండా జపించాలి. మధ్యలో దెబ్బ తగిలితే మంత్రం పోతుంది. అదే నేల మీద వచ్చే ఏరువాక పున్నమి దాకా మళ్లీ పనిచెయ్యదు. ఈ వానతో ఎవరికీ దెబ్బ తగలదు, మంట ఆరదు, కుండ నిండదు.

లాయరు రెండుసార్లు చదివాడు. సందు వెతుకుతున్నాడనుకున్నాను. "ఎకరాకు ఎంత తీసుకోవచ్చన్నా?" అన్నాడు. అది రూల్ ప్రశ్న కాదు, కథ ప్రశ్న. ఆ రోజు మూడు గంటలు దాని మీదే ఆడాం: పదును వెయ్యగలిగిన మాంత్రికుణ్ణి పాలెగాడు ఎత్తుకుపోయాడు, రైతులు కోట ముందు కూర్చున్నారు, డిగ్రీ అమ్మాయి కత్తి పక్కనపెట్టి ఆ మంత్రం తనకు నేర్పమని ఆ ముసలి మాంత్రికుడి వెంటపడింది.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. రెండు చేన్ల మధ్య గట్టు మీద నిలబడి వేస్తే అటు అరెకరం, ఇటు అరెకరం తడవాలని నా వాదన, రాసింది అదే కదా. అనంతపురం ఆయన ఒప్పుకోవడం లేదు. అరెకరం తడుపుకుని అప్పు ఎవరు తీరుస్తారని ఆయన ప్రశ్న.