నవ్వు పైనుంచి అతికించింది కాదు
టీవీ హాస్యం, కేఫ్‌లలో వేసే హాస్య ప్రదర్శనలు వచ్చాకే థాయ్ సంప్రదాయ ప్రదర్శనల్లో నవ్వులు మొదలయ్యాయన్న మాటతో ఏకీభవించలేను. పాత రూపాల కట్టుబాటులోనే హాస్యగాడికి చోటుంది. లఖోన్ చాత్రీ అనే నృత్య నాటకం పాత పద్ధతిలో నటులు ముగ్గురే: నాయకుడు, నాయిక, హాస్యగాడు. జంతువులతో సహా మిగిలిన పాత్రలన్నీ ఆ మూడోవాడివే. దక్షిణ థాయ్‌లాండ్ నృత్య నాటకం నోరాలో వేటగాడు ‘ప్రాన్’ ముసుగుకు కింది దవడ ఉండదు, మాట అడ్డులేకుండా బయటికి రావాలి కదా! ముసుగుల నృత్య నాటకం ఖోన్‌లో ముసుగు పాత్రల సంభాషణలు పక్కనున్న వ్యాఖ్యాతలు చెబుతారు, హాస్యగాళ్లు మాత్రం సొంత గొంతుతో మాట్లాడతారు. అందుకే అప్పటికప్పుడు మాట కల్పించగలరు. అన్నిటికంటే ముచ్చటైనది నాంగ్ తలుంగ్ తోలుబొమ్మలాట. రాజులూ దేవతలూ మధ్య థాయ్ (బ్యాంకాక్ వైపు భాష) మాట్లాడితే తెంగ్, నూనుయ్ లాంటి హాస్య బొమ్మలు దక్షిణాది యాసలో మాట్లాడతాయి. ఆడించేదీ, అన్ని గొంతులూ పలికేదీ ఒక్కడే. బొమ్మ దవడకు కట్టిన దారం మాటతో పాటే కదలాలి, క్షణం ఆలస్యమైతే చమత్కారం చప్పబడిపోతుంది. బయటి ప్రేక్షకుల కోసమని ఆ యాసను బ్యాంకాక్ భాషలోకి మారిస్తే ఇంకా నష్టం. ఆ రెండు భాషల తేడాలోనే సగం నవ్వు ఉంది. మారింది హాస్యగాడి స్థానం కాదు, అతను ఎగతాళి చేసే విషయాలు.